ఏమిటే ఆ పొగరు... భానుమతిలాగా!

మా ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా కాస్త గట్టిగా జవాబు చెప్పిందంటే అమ్మమ్మ నోటి నుంచి ఠక్కున వచ్చే మాట ఒకటుండేది. "ఏమిటే ఆ పొగరు... భానుమతిలాగా!" అని. అది తిట్టో, మెచ్చుకోలో మాకెప్పుడూ అంతుబట్టేది కాదు. ఎందుకంటే అదే అమ్మమ్మ, రేడియోలో భానుమతి పాట వచ్చిందంటే పొయ్యి మీద పోపు మాడుతున్నా కదిలేది కాదు. పాట అయ్యాక, "అబ్బ, ఏం గొంతే దానిది!" అని, మాడిన పోపు పారబోసి మళ్లీ వేసుకునేది.

భానుమతీ రామకృష్ణ పుట్టి 2025 సెప్టెంబరు 7కి నూరేళ్లు నిండాయి. నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, సంగీత దర్శకురాలు, రచయిత్రి, స్టూడియో యజమానురాలు... ఆవిడ చేసిన పనుల జాబితా చెప్పుకుంటూ పోతే మన వంటింటి సామాన్ల చీటీ అంత అవుతుంది. ఇన్ని చేసిన మనిషిని జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది మాత్రం ఒక్క మాటతో. పొగరు! ఇంతకీ ఆ పొగరు ఎక్కడ మొదలైంది, దానికి ఆవిడ ఏం ధర చెల్లించారు అన్నది చూద్దామనే ఈ ప్రయత్నం.

కాళింది వేషంలో...

ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆవిడ సొంత ఊరు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి పాట ఆయన దగ్గరే మొదలైంది. ఆ పాటే సినిమా వాళ్లను వెతుక్కుంటూ వచ్చేలా చేసింది. 1939లో సి. పుల్లయ్య గారు తీసిన 'వరవిక్రయం' ఆవిడ తొలి సినిమా. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం అది. వరకట్నపు బేరాల మధ్య నలిగి ప్రాణం తీసుకునే పెద్ద కూతురు కాళింది వేషం ఆవిడది. షూటింగు కలకత్తాలో. అప్పటికి ఆవిడ వయసు పద్నాలుగైనా నిండలేదు!

సినిమా అంటే సంసారుల పిల్లలు పోయే చోటు కాదని జనం అనుకునే రోజులవి. తండ్రి ఊరికే ఒప్పుకోలేదు. మా అమ్మాయిని హీరో ముట్టుకునే సన్నివేశాలు ఉండకూడదని ముందే షరతు పెట్టారట. ఇవాళ వింటే మనకు నవ్వొస్తుంది గానీ, ఒక సంగతి గమనించండి. కెమెరా ముందుకు వెళ్లేటప్పుడు 'ఇంతవరకే' అని గీత గీసుకోవచ్చన్న సంగతి ఆ పిల్లకు మొట్టమొదటి సినిమాలోనే తెలిసింది. అప్పుడు ఆ గీత గీసింది తండ్రి. తర్వాత ఆవిడే గీసుకున్నారు. అక్కడే పొగరన్న మాట పుట్టింది!

నాన్న వద్దన్నా...

ఆవిడ గీసుకున్న తొలి గీత నాన్నగారి మాటకే అడ్డంగా పోయింది. 1943లో వచ్చిన 'కృష్ణప్రేమ' సినిమాకు పి.ఎస్. రామకృష్ణారావు గారు సహాయ దర్శకుడు. మంచి మనిషి, మితభాషి. కానీ ఆస్తిపాస్తులున్న సంబంధం కాదు. అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న హీరోయిన్ ఏరికోరి సహాయ దర్శకుణ్ణి చేసుకుంటానంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? ఇష్టం లేదన్నారు. అమ్మాయి పట్టు వదల్లేదు. 1943 ఆగస్టు 8న పెళ్లయింది.

అసలు విచిత్రం ఇకనే ఉంది. ఇంత పట్టుబట్టి పెళ్లి చేసుకున్న పిల్ల ఆ తర్వాత కోరుకున్నదేమిటో తెలుసా? సినిమాలు మానేసి, ఇంటిపట్టున ఉండి వంట చేసుకోవడం! చిన్న ఇల్లు, భర్త, సంగీతం... ఇక ఇది చాలనుకున్నారు. ఆత్మకథ 'నాలో నేను'లోనే గాక, తర్వాతి రోజుల్లో ఎన్నోసార్లు ఆవిడ ఈ మాట చెప్పుకున్నారు. తనకు హీరోయిన్ కావాలన్న కోరిక ఎప్పుడూ లేదని, సినిమాయే తనను వదల్లేదని. మనం నమ్మినా నమ్మకపోయినా ఆవిడ మాత్రం అదే మాట మీద ఉన్నారు.

వదలని వాళ్లలో మొదటివారు బి.ఎన్. రెడ్డి గారు. 'స్వర్గసీమ'లో వేషం వేయమని వచ్చారు. అప్పటిదాకా వేసిన అమాయకపు పిల్లల వేషాలకు పూర్తిగా విరుద్ధం అది. చిత్తూరు నాగయ్య గారి పక్కన, పచ్చని సంసారంలో చిచ్చు పెట్టే మాయలాడి పాత్ర. కొత్త పెళ్లికూతురు, కాపురం చేసుకుందామనుకున్న పిల్ల, వేయాల్సింది కాపురం కూల్చే వేషం! వేశారు. 1945లో సినిమా వచ్చింది. పావురాన్ని పట్టుకుని పాడిన ఆ పాట ఊరూరా మోగిపోయింది. ఇంకేం వంటిల్లు!

ఇంటి పేరే కంపెనీ పేరు

కొడుకు పుడితే భరణి అని పేరు పెట్టుకున్నారు. తర్వాత భార్యాభర్తలు కలిసి సినిమా కంపెనీ పెట్టి దానికీ అదే పేరు పెట్టారు. భరణీ పిక్చర్స్. మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో కూడా వెలిసింది. తొలి సినిమా 'రత్నమాల'. 1949లో అక్కినేనితో తీసిన 'లైలా మజ్ను' పెద్ద పేరు తెచ్చింది. తర్వాత 'ప్రేమ', 'చక్రపాణి', 'విప్రనారాయణ', 'బాటసారి'... వీటికి దర్శకుడు రామకృష్ణ గారే. 'చక్రపాణి'కి సంగీతం ఆవిడే కట్టారు.

ఈ మధ్యలోనే 1951లో వాహినీ వారి 'మల్లీశ్వరి'. దాని గురించి నేను కొత్తగా చెప్పాల్సిందేముంది! బి.ఎన్. రెడ్డి, సాలూరి రాజేశ్వరరావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి, ఎన్టీఆర్... ఒక్క చోట చేరారు. మా అమ్మమ్మ టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని మూడుసార్లు చూసిందట. మూడుసార్లూ ఏడ్చిందట. బావను ప్రేమించిన పల్లెటూరి పిల్ల ఇంటి ముందుకు రాయలవారి పల్లకి వస్తే, వద్దనలేక రాణివాసానికి వెళ్లి చిక్కుకుపోతుంది. వద్దనలేని ఆ పిల్లగా మనల్ని అంతగా ఏడిపించింది, బయట ఎవరికైనా వద్దని చెప్పగలిగిన మనిషి!

1953లో 'చండీరాణి'తో ఆవిడే దర్శకత్వానికి దిగారు. తెలుగు సినిమాకు తొలి మహిళా దర్శకురాలు ఆవిడే. అదీ ఒక భాషలో కాదు, తెలుగు, తమిళం, హిందీ మూడింట్లో. పైగా తనది ద్విపాత్రాభినయం. అంటే ఎంత పనో ఒక్కసారి ఊహించుకోండి. ఇవాళ్టిలా కంప్యూటర్లు లేవు. ఒకే మనిషి ఇద్దరుగా కనపడాలంటే కెమెరాను కదలకుండా బిగించి, సగం మూసి ఒకసారి తీయాలి. ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం తెరిచి మళ్లీ తీయాలి. ఈ వేషం మార్చి ఆ వేషం వేసుకోవాలి. ఆ తర్వాత అదే సన్నివేశం ఇంకో భాషలో. మధ్యలో కెమెరా వెనక్కి వెళ్లి 'యాక్షన్' చెప్పాల్సిందీ తనే. ఇంటి దగ్గర చిన్న పిల్లాడు. అంతమంది మగవాళ్లున్న సెట్లో ముప్పై ఏళ్లైనా నిండని ఆడమనిషి గొంతు పెంచకుండా ఈ పనంతా నడిపించడం సాధ్యమేనా? అదే గొంతు మగ దర్శకుడిదైతే 'క్రమశిక్షణ' అంటారు కదా!

ఇక్కడ రామకృష్ణ గారి గురించి కూడా ఓ మాట చెప్పాలి. భార్య పేరు ముందు, తన పేరు వెనక... ఆ కాలంలో మగవాడికి అంత తేలికేం కాదు. అయినా ఆయన తన పని తాను చేసుకుపోయారు. ఆవిడ తెర మీద వేసుకున్న పేరు చివరిదాకా భానుమతీ రామకృష్ణే. మా అమ్మాయి లాంటి వాళ్లకు ఇది నచ్చదు. "అంత గొప్పావిడకు భర్త పేరెందుకమ్మా?" అంటుంది. నాకు మాత్రం, తండ్రితో పోట్లాడి తెచ్చుకున్న పేరు కదా, ఎందుకు వదులుకుంటుంది అనిపిస్తుంది.

ఆ వరలక్ష్మీ వ్రతం రోజు

ఇక ఆ పొగరుకు ఆవిడ చెల్లించిన ధర. 'మిస్సమ్మ' గురించి వినని వాళ్లుండరు. విజయా వారు ఆ సినిమా మొదలుపెట్టినప్పుడు మిస్సమ్మ మేరీ భానుమతే. కొన్ని రీళ్లు తీశారు కూడా. సినీరంగంలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఏమిటంటే, ఒకరోజు ఆవిడ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్‌కు ఆలస్యంగా వచ్చారట. నిర్మాత చక్రపాణి గారికి కోపం వచ్చింది. క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసివ్వమన్నారట. రాయనన్నారు ఆవిడ. తీసిన రీళ్లను పక్కన పడేశారు. అదే సినిమాలో రెండో హీరోయిన్‌గా ఉన్న సావిత్రిని మిస్సమ్మను చేశారు. సావిత్రి వేయాల్సిన పాత్ర జమునకు వెళ్లింది. 1955 సంక్రాంతికి సినిమా వచ్చింది. తర్వాతి సంగతి మీకు తెలిసిందే.

ఎవరిది తప్పు? నన్నడిగితే చెప్పడం కష్టమే. పదిమంది నటులు మేకప్ వేసుకుని ఎదురుచూస్తుంటే ఆలస్యం ఆలస్యమే. నిర్మాతకు ప్రతి గంటా డబ్బే. కానీ పండగ పూట పూజ ముగించుకుని, పిల్లాడికి అన్నం పెట్టి, ఆఫీసుకు పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లి రిజిస్టరులో ఎర్రసిరా గీత చూసిన మనలాంటి వాళ్లకు ఆ 'రాయను' అన్న మాట ఎక్కడో తగులుతుంది. మనం రాసిచ్చాం. ఆవిడ రాయలేదు. అంతే తేడా.

నష్టం మాత్రం నష్టమే. ఎప్పుడు టీవీలో 'మిస్సమ్మ' వచ్చినా నాకదే అనిపిస్తుంది. ముక్కు మీద కోపం, మాటలో విరుపు, లోపల మంచితనం... ఆ మేరీ పాత్ర భానుమతికి అచ్చుగుద్దినట్టు సరిపోయేది. సావిత్రి గొప్పగా చేసింది, కాదనను. కానీ ఇంకో మిస్సమ్మ ఎలా ఉండేదో మనకు ఎప్పటికీ తెలియదు. భానుమతి గారు మాత్రం ఆ తర్వాత, దానివల్ల పరిశ్రమకు ఒక మహానటి దొరికిందంటూ సంతోషంగానే చెప్పేవారట. లోపల ఏముందో ఆవిడకే తెలియాలి.

పోనీ, ఒకసారి దెబ్బ తిన్నాక తగ్గారా? లేదు! 1958లో ఎం.జి.ఆర్. సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించిన తమిళ సినిమా 'నాడోడి మన్నన్' మధ్యలోనే ఆయనతో కుదరక బయటికి వచ్చేశారు. కథ మార్చి, ఆవిడ పాత్ర సగంలో చనిపోయినట్టు చూపించి, మిగతా సినిమాను బి. సరోజాదేవితో నడిపించారు. అంత జరిగినా తమిళ ప్రేక్షకులు ఆవిడను దూరం చేసుకోలేదు. 1962లో ఏవీఎం వారి 'అన్నై'లో పెంచిన తల్లిగా ఆవిడను చూసి కంటతడి పెట్టని వాళ్లు లేరు. 'నటనకు వ్యాకరణం' అని ఆవిడకు బిరుదిచ్చింది సాక్షాత్తూ అన్నాదురై.

అత్తగారంటే సూర్యకాంతమేనా?

సినిమాల్లో అత్తగారంటే ఎడమ చెయ్యి తిప్పుతూ కోడలిని కాల్చుకు తినే గయ్యాళి అని మనందరి మనసులో ముద్ర పడిపోయిన రోజులు. అప్పుడు ఈ సినిమా తార కలం పట్టుకుని ఏం రాసిందో చూడండి. 'అత్తగారి కథలు'! అందులో అత్తగారు గయ్యాళి కాదు. మడీ ఆచారం, పెద్దరికం, పసిపిల్లలాంటి అమాయకత్వం కలగలిసిన మనిషి. కథ చెప్పేది కోడలు. సినిమాల్లో అందరినీ గడగడలాడించే మనిషి, ఇక్కడ అత్తగారి మడిబట్ట తగలకుండా ఒద్దికగా పక్కకు తప్పుకునే కోడలు. అత్తగారు ఆవకాయ పెట్టినా కథే, జపాను ప్రయాణం కట్టినా కథే. పనివాళ్లు ఆవిడను బోల్తా కొట్టించడం, ఆవిడ వాళ్లను నమ్మడం, అంతా చూస్తూ కోడలు నోరు మెదపలేకపోవడం... చదువుతుంటే పక్కింటి గోడ మీంచి చూస్తున్నట్టు ఉంటుంది.

ఆ నవ్వులో ఎక్కడా వెక్కిరింత లేదు. అదే నాకు నచ్చే విషయం. అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అనే మాటను ఆవిడ వాదించి కొట్టేయలేదు. ఆవకాయ జాడీ చుట్టూ ఇద్దరినీ కూర్చోబెట్టి చూపించారంతే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది ఆ కథలకు. వంటింట్లోనే ఉండిపోవాలనుకున్న కోరిక తీరలేదు గానీ, వంటింటిని మాత్రం ఆవిడ ఇలా కాగితం మీదికి తెచ్చుకున్నారనిపిస్తుంది.

బామ్మ పేరు మీదే బొమ్మ

వయసు మీద పడ్డ హీరోయిన్‌కు మన సినిమాల్లో ఏం మిగులుతుంది? చీర కొంగుతో కళ్లు ఒత్తుకునే తల్లి వేషం, లేదా మంచం మీద దగ్గే అత్త వేషం. భానుమతి దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తిరగబడింది. 1965లో 'అంతస్తులు', ఆ మరుసటి ఏడు 'పల్నాటి యుద్ధం'లో నాగమ్మ. బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్ ఎదురుగా ఉంటే నాగమ్మ ఏ కోశానా తగ్గలేదు. అదే 1966లో పద్మశ్రీ వచ్చింది.

1974లో ఎన్టీఆర్ దర్శకత్వంలో 'తాతమ్మ కల'. అప్పటికి ఆవిడకు నిండా యాభై లేవు, వేసింది తాతమ్మ వేషం. బాలకృష్ణకు అదే తొలి సినిమా. పదేళ్లు తిరిగేసరికి 'మంగమ్మగారి మనవడు'. మా తరం వాళ్లకు భానుమతి అంటే ముందు ఆ మంగమ్మే! ఆ తర్వాత 'అత్తగారూ స్వాగతం', 'బామ్మమాట బంగారుబాట'... ఈ పేర్లు ఒక్కసారి వరసగా చదవండి. తాతమ్మ, మంగమ్మ, అత్తగారు, బామ్మ. హీరోలు ఎవరైనా సరే, సినిమా పేరు మాత్రం ముసలావిడది. ఇంకే నటికి ఇలా జరిగిందో నాకైతే తట్టడం లేదు.

ఈ వేషాలు వేస్తూనే 1982లో అందరూ చిన్నపిల్లలతోనే 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. పిల్లలతో షూటింగంటే ఎంత ఓపిక కావాలో ఇద్దరు పిల్లల తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. ఎనభైల మధ్యలో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. సినిమా పాటలు పాడే మనిషి శాస్త్రీయ సంగీతం నేర్పే కళాశాలకు పెద్ద కావడం చిన్న విషయం కాదు. అసలు ఆవిడ తన పాత్రలకు తనే పాడుకున్నారు. పాట ఒకరిది, పెదవులు ఒకరివి అనే పద్ధతి ఆవిడ దగ్గర నడవలేదు.

1986లో రామకృష్ణ గారు పోయారు. ఆవిడ జీవితంలో పెద్ద దెబ్బ అదే. జ్యోతిషం చదివిన మనిషి, గ్రహాల లెక్కలు తెలిసిన మనిషి. కానీ తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గుతుందా? తర్వాత కూడా పని మానలేదు. ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం వచ్చింది. 1992లో 'పెద్దరికం', 1998లో 'పెళ్లికానుక'. అదే ఆఖరి సినిమా. 2001లో పద్మభూషణ్. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చుంటూ 'అత్తగారి కథలు' పుస్తకం కోసం అమ్మకు ఫోన్ చేశాను. అమ్మమ్మ తర్వాత ఆ పుస్తకం అమ్మ దగ్గరికి చేరింది. వంటింటి అలమారలో, పప్పు డబ్బాల పక్కన ఉంటుంది. అట్ట చిరిగితే కేలండర్ కాగితం వేసి కుట్టింది. మధ్య పేజీల్లో ఏ ఏటిదో ఆవకాయ నూనె మరక.

"ఓ వారం ఇస్తే చదివి పంపిస్తానే అమ్మా," అన్నాను.

"ఇవ్వను," అంది అమ్మ. "కావాలంటే వచ్చి ఇక్కడే కూర్చుని చదువుకో."

"ఏమిటే ఆ పొగరు!" అన్నాను. అవతల అమ్మ నవ్వు వినిపించింది. పుస్తకం మాత్రం పంపలేదు. ఆదివారం బస్సెక్కి నేనే వెళ్లొచ్చాను.